మూడు పట్టీల లెక్క

1983లో నేను మన బడిలో ఎనిమిదో తరగతికి వచ్చాను. ఆ ఏడు బళ్లు తెరిచిన కొత్తల్లోనే ఎన్‌సీసీకి పిల్లల్ని ఏరారు. ఎత్తు చూశారు, ఛాతీ కొలిచారు, మైదానం చుట్టూ పరిగెత్తించారు. పదిహేను రోజులు పోయాక ఖాకీ నిక్కరు, ఖాకీ చొక్కా, బెరే టోపీ, ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, అడుగున మేకులు కొట్టిన నల్లబూట్లు ఇచ్చారు. నా నిక్కరులో నాలాంటివాళ్లు ఇద్దరు పట్టేవాళ్లు. బూట్లు రెండు సైజులు పెద్దవి. ముందు భాగంలో పాతగుడ్డలు కుక్కి, వాటిలో కాళ్లు పెట్టి, నేనూ సైనికుణ్నే అనుకున్నాను.

పరేడ్ శుక్రవారం సాయంత్రం బడి వదిలాక ఒకటి, ఆదివారం ఉదయం ఆరున్నరకు ఒకటి. తిరుపతి బెటాలియన్ నుంచి ఒక హవల్దారు బస్సులో వచ్చేవారు. ఆయన్ను మేము 'స్టాఫ్' అని పిలిచేవాళ్లం. కమాండ్లు హిందీలో, వివరణ అరవం కలిసిన తెలుగులో, తిట్లు మూడు భాషల్లో. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, పీఛే ముడ్ అనే మాటలు మన మైదానంలోని వేపచెట్టుకు కూడా వచ్చేసి ఉంటాయి.

ఒక ఆదివారం పరేడ్ అయ్యాక ఉప్మా కోసం వరుసలో నిలబడి ఉన్నాం. మా సెక్షన్‌లో ఒకడు, వాళ్లమ్మ అమ్మవారి గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది, ధైర్యం చేసి అడిగాడు. "స్టాఫ్, మీ చేతికీ మూడు పట్టీలే, మా సార్జెంట్ అన్న చేతికీ మూడు పట్టీలే. మరి మీరు హవల్దారు ఎందుకు, అన్న సార్జెంట్ ఎందుకు?"

స్టాఫ్ పెద్దగా నవ్వారు. "నా పట్టీలకు పదహారేండ్లు పట్టింది. మీ అన్న పట్టీలకు పదహారు నెలలు. అదే తేడా, పో" అన్నారు. అందరం నవ్వాం. అడిగినవాడు మాత్రం నవ్వలేదు. అతనికి జవాబు దొరకలేదని నాకు అప్పుడే అర్థమైంది.

ఈ స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ప్రశ్నే. నేను చరిత్రకారుణ్ని కాను. భవనాలు కట్టించే ఇంజనీరును. బరువు ఎక్కడ పడి, ఎక్కడికి దిగుతోందో చూడటం నా వృత్తి. సైనిక హోదాల చరిత్రను కూడా నేను ఆ కంటితోనే చదివాను. ఇప్పుడు మన బడిలో ఖాకీ వేసుకుంటున్న పిల్లలకు ఇది కొంతైనా ఉపయోగపడుతుందని రాస్తున్నాను. నేను చేసిన ఒక తప్పు కూడా ఈ లెక్కలోనే ఉంది. దాన్నీ దాచకుండా చెబుతాను.

నాయకుడు నాయక్ అయిన కథ

మన సైన్యంలో సిపాయి పైన మొదటి మెట్టు లాన్స్ నాయక్, చేతికి ఒక పట్టీ. తర్వాత నాయక్, రెండు పట్టీలు. ఆపైన హవల్దారు, మూడు పట్టీలు. ఇందులో 'నాయక్' అన్న మాట ఎక్కడిదో వెతకడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు. మన ఊరి నుంచి సైకిల్ మీద పోగలిగిన చంద్రగిరి కోట చాలు.

విజయనగర రాజుల కాలంలో నాయంకర పద్ధతి ఉండేది. రాజు ఒక నాయకుడికి కొంత సీమ అప్పగిస్తాడు. దాని ఆదాయం అనుభవించడానికి బదులుగా ఆ నాయకుడు రాజుకు కప్పం కట్టాలి, ఇన్ని గుర్రాలు, ఇంత కాల్బలం ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. అచ్యుతదేవరాయల కాలంలో ఇక్కడ ఉన్న పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ ఏ నాయకుడు ఎంత బలగం పోషించాలో, ఎంత కట్టాలో పట్టీ రాసినట్టు రాసిపెట్టాడు. అంటే నాయకుడు అన్న బిరుదు వెనక ఒక బాధ్యతల జాబితా ఉండేది. బిరుదు ముందు కాదు, జాబితా ముందు.

ఆ పద్ధతిలో మన సీమ నుంచి అందరికంటె పైకి పోయినవాడు సాళువ నరసింహుడు. చంద్రగిరి సీమను ఏలుతూ బలగం పెంచుకుని 1485లో ఏకంగా విజయనగర సింహాసనం ఎక్కాడు. పదోన్నతి అంటే అదీ! తర్వాత కాలంలో చంద్రగిరే ఆ రాజ్యానికి రాజధాని అయింది. 1639లో ఆ చంద్రగిరి రాజు కింద ఉన్న దామెర్ల సోదరులనే నాయకులు సముద్రం ఒడ్డున ఒక ఇసుక దిబ్బను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చారు. వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం వచ్చింది. అక్కడ లేచిందే సెయింట్ జార్జ్ కోట.

1746లో ఫ్రెంచివాళ్లు ఆ కోటను పట్టుకున్నారు. సొంత సైన్యం లేకపోతే వ్యాపారమూ ఉండదని కంపెనీకి అప్పుడు తెలిసొచ్చింది. 1748లో మేజర్ స్ట్రింగర్ లారెన్స్ వచ్చి సైన్యాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. తర్వాత పదేళ్లలో దేశీయ సిపాయిలు కూడా పటాలాలుగా ఏర్పడ్డారు. అదే మద్రాసు సైన్యం. అందులో మనవాళ్ల హోదాలకు కొత్త పేర్లు వెతకలేదు, ఉన్నవే వాడారు. పారశీకం నుంచి సిపాయి, హవల్దారు, జమేదారు, సుబేదారు వచ్చాయి. సంస్కృతం నుంచి వచ్చి మన నోళ్లలో నలిగిన నాయకుడు 'నాయక్' అయ్యాడు. ఒకప్పుడు సీమనేలినవాడి పేరు రెండు పట్టీల చేతికి దిగింది.

ఒకసారి ఈ మాటల అర్థాలు చూడండి. హవాలా అంటే అప్పగింత. హవల్దారు అంటే అప్పగించినదాన్ని పట్టుకున్నవాడు. జమేదారు అంటే గుంపును చూసుకునేవాడు. సుబేదారు అంటే సుబా, అంటే ఒక సీమ, ఎవరి చేతిలో ఉందో వాడు. ఏ మాటలోనూ 'గొప్పవాడు' అన్న అర్థం లేదు. అన్నిటిలోనూ 'వీడి మీద ఇది ఉంది' అన్న అర్థమే ఉంది.

మన జిల్లాలో ఈ మాటలు సైన్యంలోనే ఆగిపోలేదు. కలెక్టరు గారి ముందు ఎర్ర పట్టా వేసుకుని నడిచే దఫేదారును చూసే ఉంటారు. అది గుర్రపు దళంలో హవల్దారుకు సమానమైన హోదా పేరు. పాళెం అన్న ముక్కతో ముగిసే ఊళ్లు మన చుట్టూ ఎన్నో. పాళెం అంటే దండు విడిసిన చోటు. పాళెగాడు అంటే ఆ దండుకు పెద్ద. 1801లో ఆర్కాటు నవాబు పాలన కంపెనీ చేతికి పోయాక చిత్తూరు పాళెగాళ్లు ఎదురు తిరిగారు, అణగిపోయారు. పాళెగాళ్లు పోయినా ఊళ్ల పేర్లు ఉన్నాయి.

సుబేదారు దాటని నిచ్చెన

కంపెనీ సైన్యంలో మనవాళ్ల నిచ్చెన సుబేదారు దగ్గర ఆగిపోయేది. ముప్పై ఏళ్లు యుద్ధాలు చూసిన సుబేదారు కూడా ఓడ దిగి నిన్నగాక మొన్న వచ్చిన ఆంగ్లేయ కుర్రాడికి సెల్యూట్ చేయాల్సిందే. పైగా బెంగాల్ సైన్యంలో పదోన్నతి చాలావరకు వయసు లెక్కనే జరిగేది. అంటే చేతకానివాడైనా ఓపిక పడితే పైకొస్తాడు, చేతనైనవాడు ముసలివాడయ్యేదాకా కాచుకోవాలి. 1857 తిరుగుబాటు తర్వాత సైన్యాన్ని సరిదిద్దడానికి కూర్చున్నప్పుడు ఈ లోపాన్ని ఆంగ్లేయులే ఎత్తి చూపారు.

ఆ కప్పు బద్దలవడానికి చాలా కాలం పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో కొద్దిమంది భారతీయులను అధికారులుగా తీసుకోవడం మొదలైంది. కరియప్ప ఇండోర్‌లో శిక్షణ పొంది 1919లో అధికారి అయ్యారు. 1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ పెట్టారు. 1949 జనవరి 15న అదే కరియప్ప సర్వసేనాధిపతి అయ్యారు. ఏటా ఆ రోజున మనం సైనిక దినోత్సవం చేసుకునేది అందుకే. శ్రీకాకుళం సీమలో పుట్టిన మన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు 1981 నుంచి 1983 వరకు సైన్యానికి అధిపతిగా ఉన్నారు. నేను పెద్దబూట్లు తొడుక్కున్న ఏడే ఆయన పదవీ విరమణ చేశారు. ఆ సంగతి అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే మా ఛాతీలు ఇంకో అంగుళం పెరిగేవేమో.

ఇప్పటి నిచ్చెనను పిల్లలు మూడు అంతస్తులుగా గుర్తుపెట్టుకోవచ్చు. కింది అంతస్తులో సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దారు ఉంటారు. వీళ్ల హోదా చేతి మీది పట్టీల్లో కనిపిస్తుంది. మధ్య అంతస్తులో నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదార్ మేజర్. 1965 వరకు నాయబ్ సుబేదారును జమేదారు అనేవాళ్లు. పై అంతస్తులో అధికారులు. లెఫ్టినెంట్‌కు భుజం మీద రెండు నక్షత్రాలు, కెప్టెన్‌కు మూడు, మేజర్‌కు నాలుగు సింహాల జాతీయ చిహ్నం. ఆపైన లెఫ్టినెంట్ కర్నల్, కర్నల్, బ్రిగేడియర్, మేజర్ జనరల్, లెఫ్టినెంట్ జనరల్, జనరల్. సుబేదారుకూ రెండు నక్షత్రాలే ఉంటాయి. లెఫ్టినెంట్ అనుకుని పొరబడకండి. సుబేదారు భుజం మీద నక్షత్రాలతో పాటు రంగు రిబ్బను అడ్డంగా ఉంటుంది, గుర్తు అదే.

అధికారుల్లో లెఫ్టినెంట్ కర్నల్ వరకు పదోన్నతి సర్వీసు లెక్క మీద వస్తుంది. రెండేళ్లకు కెప్టెన్, ఆరేళ్లకు మేజర్, పదమూడేళ్లకు లెఫ్టినెంట్ కర్నల్. కావలసిన పరీక్షలు మాత్రం గట్టెక్కాలి. ఆపైన కర్నల్ నుంచి ఎంపిక బోర్డులు. ఒకే రోజు చేరిన వందమందిలో కొందరే పైకి పోతారు. అలాగని కింది అంతస్తు నుంచి పైకి దారి లేదనుకోకండి. సిపాయిగా చేరినవాడు కూడా డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీ ద్వారా అధికారి కావచ్చు. కంపెనీ కాలంలో మూసిన తలుపు అది. ఇప్పుడు తెరిచే ఉంది.

క్యాడెట్ అంటే తమ్ముడు

ఇక ఎన్‌సీసీ. దాని మూలం 1917లో కాలేజీ విద్యార్థుల కోసం పెట్టిన యూనివర్సిటీ కోర్. 1920లో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో ఇంకోసారి పేరు మారింది. అధికారులను తయారు చేయాలన్న ఆశ మాత్రం పూర్తిగా నెరవేరలేదు. 1946లో పండిత్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన ఒక సంఘం వేశారు. దేశమంతటికీ, బడిపిల్లలతో సహా, ఒకే క్యాడెట్ దళం ఉండాలని ఆ సంఘం చెప్పింది. 1948లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఏడాది జూలై 15న ఎన్‌సీసీ పుట్టింది. 1949లో ఆడపిల్లల విభాగం, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకా విభాగం వచ్చాయి. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు దీన్ని తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఇష్టమున్నవాళ్లకే అన్నారు. ఇప్పుడు దేశంలో పదిహేను లక్షలకు పైగా క్యాడెట్లు ఉన్నారు.

ఈ దళం ఆంగ్లేయుల విద్యార్థి దళాల నమూనా మీద వచ్చింది కాబట్టి దీని హోదాలు కూడా ఆ భాషలోనే ఉండిపోయాయి. మా మిత్రుడి ప్రశ్నకు సూటి జవాబు ఇదే. స్టాఫ్ మన దేశపు పాత సైన్యాల మాట మోస్తున్నాడు, మా సార్జెంట్ అన్న ఐరోపా మాట మోస్తున్నాడు. పట్టీలు ఒకటే, రెండు ఏర్లు.

ఆ రెండో ఏటి మాటల అర్థాలు కూడా విప్పి చూశాను. క్యాడెట్ అంటే ఫ్రెంచిలో చిన్నకొడుకు, తమ్ముడు. ఆస్తి అంతా పెద్దకొడుక్కు పోతే, చేతిలో ఏమీ లేని తమ్ముళ్లు సైన్యంలో చేరి పైకొచ్చేవాళ్లు. లాన్స్ అంటే ఈటె. ఇటలీలో 'విరిగిన ఈటె' అని పిలిచిన అనుభవజ్ఞులైన యోధుల నుంచి ఆ ముక్క వచ్చింది. కార్పోరల్‌లో ఉన్నది 'తల' అన్న మాట. లెఫ్టినెంట్ అంటే మరొకరి చోట నిలబడ్డవాడు. సార్జెంట్ అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం 'సేవ చేస్తున్నవాడు'. ఆ ఖాకీ చొక్కాల కాలంలో ఈ ఒక్క అర్థం తెలిసి ఉంటే నా ప్రవర్తన కొంత వేరుగా ఉండేదేమో.

పట్టీ ఎలా వస్తుంది

బడిలో ఉండేది జూనియర్ డివిజన్. ఆడపిల్లలకైతే జూనియర్ వింగ్. ఇక్కడ క్యాడెట్‌గా చేరి లాన్స్ కార్పోరల్, కార్పోరల్, సార్జెంట్ దాకా పోవచ్చు. కాలేజీలో సీనియర్ డివిజన్‌కు పోతే ఆపైన క్వార్టర్ మాస్టర్ సార్జెంట్, సార్జెంట్ మేజర్, అండర్ ఆఫీసర్, సీనియర్ అండర్ ఆఫీసర్ హోదాలుంటాయి. ఎన్‌సీసీ చూసే ఉపాధ్యాయుడికీ హోదా ఉంటుంది. నాగపూర్ దగ్గరి కామ్టీలో శిక్షణ పొందివచ్చిన బడి అయ్యవారు మొదట థర్డ్ ఆఫీసర్, తర్వాత సెకండ్, ఫస్ట్, చివరికి చీఫ్ ఆఫీసర్. బెటాలియన్‌ను నడిపేది సైన్యం నుంచి వచ్చిన కర్నల్ స్థాయి అధికారి. దేశం మొత్తానికి డైరెక్టర్ జనరల్‌గా ఉండేది లెఫ్టినెంట్ జనరల్.

క్యాడెట్ పదోన్నతికి ఖాళీ ఉండాలి. ట్రూప్‌లో ఎందరు సార్జెంట్లు, ఎందరు కార్పోరల్స్ అన్నది ముందే నిర్ణయించి ఉంటుంది. అందుకే అర్హత ఉన్నా కొందరికి పట్టీ రాదు. అది వాళ్ల తప్పు కాదు. చూసేవి హాజరు, డ్రిల్లు, క్యాంపు, టర్నవుట్, కమాండ్ ఇచ్చే గొంతు, తోటివాళ్లతో నడత. పట్టీ వేరు, సర్టిఫికెట్ వేరు. బడిలో రెండేళ్ల శిక్షణకు 'ఎ' సర్టిఫికెట్, కాలేజీలో 'బి', ఆపైన 'సి'. వీటి పరీక్షలకు కూర్చోవాలంటే 75 శాతం పరేడ్లకు హాజరై ఉండాలి. 'సి' సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉన్న పట్టభద్రులు సైన్యంలో అధికారిగా చేరడానికి రాత పరీక్ష లేకుండా నేరుగా సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు పోవచ్చు. ఆడపిల్లలకూ ఈ దారి ఉంది. 2022 నుంచి నేషనల్ డిఫెన్స్ అకాడమీలో కూడా అమ్మాయిలు చేరుతున్నారు.

ఒక మాట మరవద్దు. క్యాడెట్ పట్టీ సైన్యంలో చెల్లదు. మీరు సార్జెంట్ అయినా సైన్యంలో చేరినరోజు మొదటి మెట్టు మీదే నిలబడాలి. మరి దేనికిదంతా? పదిమందిని చూసుకోవడం పదమూడేళ్లకే నేర్చుకోవడానికి. సైన్యంలో సెక్షన్ అంటే పదిమంది. అలాంటి మూడు సెక్షన్లు ఒక ప్లటూన్, మూడు ప్లటూన్లు ఒక కంపెనీ. ఒక మనిషి పేరుపేరునా గుర్తుపెట్టుకుని కనిపెట్టుకోగలిగింది సుమారు పదిమందినే. లక్షలమంది సైన్యం కూడా చివరికి ఆ పదిమంది మీదే కట్టి ఉంది. నా వృత్తిలో చెప్పాలంటే స్లాబు బరువు దూలం మీదికి, దూలం బరువు స్తంభం మీదికి, స్తంభం బరువు పునాది మీదికి దిగుతుంది. హోదాల పటంలో జనరల్‌ను పైన గీస్తారు. బరువు లెక్కలో ఆయన ఉండేది అడుగున.

హాజరు పుస్తకం

ఇప్పుడు నా సంగతి. ఎనిమిది ముగిసేసరికి నాకు రెండు పట్టీలు వచ్చాయి. సెక్షన్ కమాండర్‌నయ్యాను. హాజరు పిలవడం నా పని. మా ఎన్‌సీసీ అయ్యవారు పుస్తకం చేతికిస్తూ, "పది నిమిషాలు అటూ ఇటూ చూడు నాయనా, పిల్లోళ్లు కదా" అన్నారు.

నేను చూడలేదు. కొత్త పట్టీలు. విజిల్ పడగానే పేర్లు పిలిచేవాణ్ని, పలకనివాడి ఎదురుగా అడ్డగీత. శుక్రవారం అమ్మవారికి అభిషేకం, గుడి దగ్గర పూల బేరం ముమ్మరం. పూలమ్మే ఇంటి మిత్రుడు తల్లికి సాయం చేసి, బుట్టలు ఇంట్లో పడేసి, బూట్ల తాళ్లు కట్టుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. ఐదు నిమిషాలో, ఏడు నిమిషాలో ఆలస్యం. పరేడ్ మొత్తం చేసేవాడు. మా అందరికంటె బాగా చేసేవాడు. అతని గొంతు మైదానం అవతలి గోడకు తగిలి తిరిగొచ్చేది. పుస్తకంలో మాత్రం గైర్హాజరు. కార్తీక మాసంలో బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, పంచమీతీర్థం రోజూ అసలు రాలేకపోయాడు. ఆ రోజు మేమంతా పద్మసరోవరం దగ్గర తాళ్లు పట్టుకుని జనాన్ని వరుసల్లో పెడుతుంటే, అతను అదే జనం మధ్య పూలబుట్ట నెత్తిన పెట్టుకుని కనిపించాడు. నేను చేయి ఊపలేదు. డ్యూటీలో ఉన్నాను కదా!

తొమ్మిదో తరగతి చివర 'ఎ' సర్టిఫికెట్ పరీక్షకు జాబితా తయారైంది. అతనికి మూడు పరేడ్లు తక్కువయ్యాయి. అయ్యవారు పుస్తకం తిరగేసి, "వాడు ఈ శుక్రవారాలన్నీ వచ్చాడు కదరా, నేను చూశానే" అన్నారు. "ఆలస్యంగా వచ్చాడు సార్" అన్నాను. ఆయన నా వైపు కొంచెంసేపు చూసి పుస్తకం మూసేశారు. లెక్కలు అప్పటికే బెటాలియన్‌కు పోయాయి. మూడో పట్టీ నాకొచ్చింది. పోటీలో ఉండాల్సినవాడు జాబితాలో లేడు.

నియమం తప్పు కాదు. 75 శాతం ఉండాల్సిందే. ఆ నియమం నడిపే చేతికి పది నిమిషాల వెసులుబాటు ఇచ్చారు, నేను దాన్ని నా దగ్గరే ఉంచేసుకున్నాను. అప్పగించింది పుస్తకం ఒక్కటే కాదు, పదిమంది పిల్లలు కూడా. నేను పుస్తకాన్నే భద్రంగా చూసుకున్నాను. తర్వాత ఉద్యోగంలో మేస్త్రీల మస్టర్ రోల్ మీద సంతకం పెట్టిన ప్రతిసారీ ఆ అడ్డగీతలు కళ్ల ముందుకొచ్చేవి. ఒక కూలీ ఆలస్యంగా వస్తే ఎందుకని అడగడం అక్కడి నుంచే నేర్చుకున్నాను. ఆలస్యంగానైనా నేర్చుకున్నాను.

ఒక పట్టీ, నాలుగు నక్షత్రాల జనరల్

2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలింది. మన త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్, ఆయన భార్య, మరికొందరు అందులో ఉన్నారు. వాళ్లలో ఒకరు అప్పటి మన చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువ రేగడకు చెందిన లాన్స్ నాయక్ సాయితేజ. జనరల్ గారి భద్రత చూసే సైనికుడు. ఆ హెలికాప్టర్‌లో ఉన్న పద్నాలుగు మందిలో ఆ రోజే పదమూడు మంది పోయారు. మిగిలిన గ్రూప్ కెప్టెన్ వరుణ్ సింగ్ వారం రోజులకు కన్నుమూశారు.

దేశంలో అందరికంటె పై హోదా ఉన్నవారు, ఒకే ఒక్క పట్టీ ఉన్న మన జిల్లా కుర్రాడు పక్కపక్కన ప్రయాణం చేశారు. హోదాల పటంలో ఇద్దరి మధ్య ఎన్నో గడులు. కానీ ఆ ప్రయాణంలో జనరల్ ప్రాణం ఆ లాన్స్ నాయక్ అప్పగింతలో ఉంది. హవాలా అన్న మాటకు అంతకంటె పెద్ద అర్థం నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. ఎన్‌సీసీలో ఒక పట్టీ కుట్టించుకుని ఇంతేనా అనుకునే పిల్లలకు నేను చెప్పేది ఈ ఒక్క సంగతే.

చివరికి

పోయిన కార్తీకంలో పంచమీతీర్థానికి ఊరికి వచ్చాను. పూల అంగళ్ల దగ్గర మిత్రుడు కనిపించాడు. ఇప్పుడు అతనిది పెద్ద అంగడి. కొడుకు చూసుకుంటున్నాడు, తను ఊరికే కూర్చుంటాడు. టీ తాగుతూ హాజరు పుస్తకం సంగతి ఎత్తాను. నలభై ఏళ్లుగా చెప్పాలనుకున్న మాట చెప్పాను.

"సర్టిఫికెట్ పోయిందని నాకేం బాధ లేదప్పా" అన్నాడు. "ఆ సర్టిఫికెట్ పెట్టుకుని నేనేం చేస్తా? కానీ పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ని చూడు, నువ్వు తలెత్తకుండా గీత గీసేవాడివి. అది మాత్రం గుర్తుంది."

నేనేమీ మాట్లాడలేకపోయాను. కాసేపయ్యాక తనే, "ఇంతకీ ఆ స్టాఫ్ హవల్దారు ఎందుకు, అన్న సార్జెంట్ ఎందుకు? నీకైనా తెలిసిందా?" అని అడిగాడు. గుర్తుంది అతనికి. చెప్పాను. ఒక మాటకు అర్థం అప్పగింత పట్టుకున్నవాడు, ఇంకో మాటకు సేవ చేసేవాడు అని.

"అట్లయితే రెండూ ఒకటే కద" అన్నాడు. లేచి పోతూ, "మీ సంఘం వాళ్లు ఏదో చేస్తారంట. పిల్లోళ్లకు సైజుకు సరిపోయే బూట్లు కొనియ్యండి చాలు" అన్నాడు.

సంఘం పెద్దలకు, మిత్రులకు అదే నా మనవి. స్వర్ణోత్సవం గుర్తుగా మన బడి ఎన్‌సీసీ పిల్లలకు ఏటా కాళ్లు కొలిచి బూట్లు కొందాం. మొదటి ఏడాది ఖర్చు నాది. కార్పోరల్ పట్టీ కుట్టించుకునే పిల్లలకు ఒక మాట. హాజరు పిలిచేటప్పుడు పుస్తకం నుంచి తలెత్తి ఒకసారి గేటు వైపు చూడండి. ఎవరో పరిగెత్తుకుంటూ వస్తూ ఉంటారు.